మైకు పాడైందా, మనమే విననివ్వలేదా?

వరంగల్ దగ్గర ఒక ఊళ్లో ఒకామె కొడుక్కి మూర్ఛ జబ్బు. ఒక బాబా తాయెత్తు కట్టి, డాక్టరిచ్చిన మాత్రలు మాన్పించి, విడతలవారీగా డబ్బు గుంజాడు. పిల్లాడికి మళ్లీ మూర్ఛలు మొదలయ్యాయి. మాత్రలు హఠాత్తుగా ఆపితే అలా జరిగే ప్రమాదం ఉందని ఏ డాక్టరైనా చెప్తాడు. ఆమె చాలా రోజులు జంకి, పేరు బయటికి రాకూడదన్న షరతు మీద మాతో మాట్లాడటానికి ఒప్పుకుంది. నేను లాప్‌టాప్ తెరవగానే ఒక్కటే అడిగింది. "నేను వద్దన్నప్పుడు గూడ ఇది వింటదా తమ్మీ?"

"వినదక్కా" అన్నాను. నలభై నిమిషాలు మాట్లాడింది. ఇంటికొచ్చి పెట్టి చూస్తే అది అసలేమీ వినలేదు.

నా లాప్‌టాప్‌లో ఉన్నది విండోసూ కాదు, లినక్సూ కాదు. ఓపెన్‌బీఎస్‌డీ. 1995లో థియో డి రాట్ మొదలుపెట్టిన, యూనిక్స్ జాతికి చెందిన ఆపరేటింగ్ సిస్టమ్. మన దగ్గర వాడేవాళ్లు అరుదు. భద్రతకు పేరుంది, నేను దాచాల్సినవి ఇలాంటి సాక్షుల మాటలు, అందుకే అది. రికార్డు చేయడానికి బటన్లూ బొమ్మలూ అక్కర్లేదు. ఆక్యాట్ అని టైపు చేసి, మైనస్ ఓ అని పెట్టి ఫైలు పేరిస్తే రికార్డు చేస్తుంది. మైనస్ ఐ అంటే వినిపిస్తుంది.

ఆ రోజు ఫైలు 460 మెగాబైట్లు వచ్చింది. సెకనుకు 48,000 నమూనాలు, రెండు చానళ్లు, నమూనాకు రెండు బైట్లు లెక్కేస్తే నలభై నిమిషాలకు సరిగ్గా అంతే రావాలి. ఫైలు పెరుగుతోంది గనక మాటలు చేరుతున్నాయనుకున్నాను. హుండీ నిండుతోంది గనక దేవుడున్నాడనడానికీ దీనికీ ఏమైనా తేడా ఉందా? ముందుగా పది సెకన్లు రికార్డు చేసి విని చూసుకుంటే సరిపోయేది. ఊరూరా తిరిగి పరీక్షించి చూడండని చెప్పేవాణ్ణి, ఆ పని చేయలేదు.

ఆ తర్వాతి గంట ఏం చేశానో చెప్పడానికి ఇంకా సిగ్గేస్తుంది. రీబూట్ చేశాను. మైకు రంధ్రంలో ఊదాను. ఎవరో ఎక్కడో రాసిన కమాండ్లు అర్థం చేసుకోకుండానే ఒకదాని తర్వాత ఒకటి కొట్టాను. ఒకేసారి మూడు సెట్టింగులు మార్చాను. ఒకవేళ పనిచేసినా దేనివల్ల పనిచేసిందో నాకు తెలిసేది కాదు. 1948లో స్కిన్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పావురాలతో ఒక ప్రయోగం చేశాడు. అవి ఏం చేసినా చేయకపోయినా కొంత వ్యవధికొకసారి గింజలు పడతాయి. ఒక పావురం గింజల కోసం గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. ఆ గంటసేపూ నేను చేసింది అదే.

తర్వాత కుదురుగా కూర్చుని, ఫైల్లో ఏముందో చూశాను. పది సెకన్లు ఏ హెడరూ లేకుండా రికార్డు చేసి హెక్స్‌డంప్ కొట్టాను. ఒక వరుస సున్నాలు, కింద ఒక నక్షత్రం గుర్తు, చివర ఫైలు పొడవు. నక్షత్రమంటే 'పైన ఉన్నదే మళ్లీ మళ్లీ' అని అర్థం. పందొమ్మిది లక్షల ఇరవై వేల బైట్లూ సున్నాలే.

ఇక్కడే అసలు ఆధారం దొరికింది. నిజమైన మైకు ఎప్పుడూ అచ్చమైన సున్నా ఇవ్వదు. అర్ధరాత్రి ఖాళీ గదిలో పెట్టినా ఎలక్ట్రానిక్ రొద ఎంతో కొంత ఉంటుంది, చివరి అంకెలు అటూ ఇటూ ఊగుతాయి. మైకు మరీ దూరంగా ఉన్నా, సౌండు స్థాయి తక్కువగా ఉన్నా, ఊగుడు తగ్గుతుందే గానీ పూర్తిగా పోదు. ఇన్ని లక్షల సున్నాలంటే ఎక్కడో ఎవరో చెవి మూశారన్నమాట.

ఇక అనుమానితుల్ని ఒక్కొక్కరినీ వదిలిస్తూ వచ్చాను. డీమెసేజ్‌లో సౌండు చిప్పు కనబడుతోంది, కాబట్టి సిస్టమ్ దాన్ని గుర్తుపట్టింది. ఎస్ఎన్‌డీఐఓసీటీఎల్ కమాండుతో చూస్తే ఇన్‌పుట్ మ్యూట్‌లో లేదు. మధ్యలో ఉండే సౌండు సర్వరును ఆపి, రూట్‌గా నేరుగా హార్డ్‌వేరు నుంచి రికార్డు చేశాను. అయినా సున్నాలే. కాబట్టి సర్వరు నిర్దోషి. మిగిలింది కెర్నెల్.

ఆడియో మాన్యువల్ పేజీ తీస్తే విషయం అక్కడే ఉంది. సిస్‌సీటీఎల్‌లో కెర్న్.ఆడియో.రికార్డ్ అనే సెట్టింగు ఉంటుంది. 2018 అక్టోబరులో వచ్చిన 6.4 వెర్షన్ నుంచి అది మొదట్నుంచీ సున్నా మీదే ఉంటుంది. అలా ఉన్నంతకాలం ఏ ప్రోగ్రాము మైకు అడిగినా కెర్నెల్ నిశ్శబ్దమే ఇస్తుంది. ఒకటి చేశాను, రొద వచ్చింది. మళ్లీ సున్నా చేశాను, రొద పోయింది. మళ్లీ ఒకటి చేశాను, వచ్చింది. ఈసారి మార్చింది ఒక్కటే గనక కారణం ఇదేనని ధైర్యంగా చెప్పగలను.

ఎర్రర్ ఇవ్వకుండా సున్నాలిస్తే మోసం కాదా అని ఒక మిత్రుడు వాదించాడు. వాదనలో కొంత న్యాయముంది, నా నలభై నిమిషాలు అలాగే పోయాయి. కానీ ఎర్రర్ ఇస్తే వినడానికీ వినిపించడానికీ కలిపి పరికరాన్ని తెరిచే ప్రోగ్రాములు అక్కడే ఆగిపోతాయి. పైగా విషయం దాచలేదు, మాన్యువల్‌లో రాసే ఉంది. యజమాని చెప్పేదాకా చెవులు మూసుకుని ఉండటమే సరైన పద్ధతని నా అభిప్రాయం. మన జేబుల్లోని ఫోన్లలో మైకు అనుమతి ఎన్ని యాప్‌లకు ఇచ్చామో మనలో ఎంతమందికి గుర్తుంది?

మన ఉద్యమానికి కూడా ఇందులో ఒక పాఠం ఉంది. 'ఆ ఊళ్లో విచారిస్తే బాబా మీద ఎవరూ ఫిర్యాదు చేయలేదు' అని వార్తల్లో చదువుతుంటాం. ఫిర్యాదు వినే ఏర్పాటు అక్కడ ఉందా అన్నది మొదటి ప్రశ్న. పరికరం పనిచేస్తోందని తేలాకే 'ఏమీ వినబడలేదు' అన్నది సాక్ష్యమవుతుంది. బాబాల విషయంలో ఈ ప్రశ్న నేనెప్పుడూ వేస్తాను, నా మైకు విషయంలో వేయలేదు.

మళ్లీ ఆ ఊరెళ్లి, జరిగింది దాచకుండా చెప్పాను. ఆమె కాసేపు మౌనంగా ఉండి మళ్లీ మాట్లాడింది, కానీ పదిహేను నిమిషాలే. మొదటిసారి చెప్పిన కొన్ని సంగతులు రెండోసారి రాలేదు. అడగడానికి నాకు నోరు రాలేదు. లేచేముందు ఆమె చూస్తుండగానే ఆ సెట్టింగును మళ్లీ సున్నా చేశాను. మొదటి రోజు నేను 'వినదక్కా' అన్నది తెలిసి అన్న మాట కాదు, ఊహించి అన్నది. ఈసారి పది సెకన్లు రికార్డు చేసి, ఆ సున్నాల వరుసను ఆమెకు చూపించాను.