ఆడని కార్డుకు అంత వెలయా?

పేక అనగానే మన పెద్దలు కనుబొమలు ముడుస్తారు. అందుకు వారికి కారణాలు లేకపోలేదు. అయితే మేమిక్కడ ప్రస్తావించే పేక వేరు. రిచర్డ్ గార్ఫీల్డ్ అనే అమెరికా గణితశాస్త్రవేత్త కల్పించగా విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్ అనే సంస్థ 1993లో వెలువరించిన 'మ్యాజిక్: ది గ్యాదరింగ్' అనే ఆట అది. ఇద్దరు మాంత్రికులు కార్డుల రూపంలోని మంత్రాలతో, మృగాలతో తలపడతారు. ఎవరి పేకను వారే కూర్చుకోవాలి. కార్డులు మూసిన పొట్లాలలో వస్తాయి; లోపల ఏమున్నదో కొన్నవానికి తెలియదు. కోరినది రాకపోతే మిత్రునితో మార్చుకోవాలి, లేదా సొమ్ము పెట్టి కొనాలి. ఈ విధంగా బేరం ఆటతోపాటే పుట్టింది. తొలి నియమాలలో ఓడినవాని కార్డు ఒకటి గెలిచినవానికి చెందే పందెం కూడా ఉండేది. దానిని తరువాత విడిచిపెట్టడం మంచిదే అయింది.

మొదటి ముద్రణలో అరుదైన కార్డు ఒక్కొక్కటి సుమారు 1,100 ప్రతులు మాత్రమే వెలువడ్డాయి. వాటిలో నల్లతామర బొమ్మ గల 'బ్లాక్ లోటస్' ప్రతి ఒకటి 2021లో వేలంలో 5,11,100 డాలర్లు పలికింది. ఇటువంటి కార్డును పరీక్షకులు పరిశీలించి, అంచుల అరుగుదలకు, గీతలకు మార్కులు తగ్గించి, పారదర్శకమైన ప్లాస్టిక్ పెట్టెలో బిగిస్తారు. అటుపైన దానితో ఎవరూ ఆడరు. ఆడితే వెల పడిపోతుంది మరి!

సేకరించేవారి పక్షాన న్యాయం లేదని మేమనము. 1995లో సంస్థ 'క్రానికల్స్' పేరిట పాత కార్డులెన్నింటినో తిరిగి అచ్చువేయగా, హెచ్చు ధరకు కొని దాచుకొన్నవారు నష్టపోయారు. వారి ఆగ్రహానికి తలొగ్గి 1996లో సంస్థ ఒక జాబితా ప్రకటించి, అందులోని కార్డులను మరల ముద్రించబోమని మాట యిచ్చింది. మాట నిలుపుకోవడం సద్గుణమే. కాని ఆ మాట ఎవరికి మేలు చేసింది? రెండేసి రంగుల శక్తినిచ్చే పది భూమి కార్డులు ఆ జాబితాలో చేరాయి. అవి అలంకారాలు కావు, పనిముట్లు. 'లెగసీ' అనే పద్ధతిలో జరిగే పోటీలలో అవి లేనిదే అనేక పేకలు నడవవు. ఒక్కొక్కటి వందల డాలర్ల వెల చేస్తుంది. పేకకు ఒకటి చాలదు. బుద్ధిబలమున్న పేద విద్యార్థి గుమ్మం వద్దనే నిలిచిపోతున్నాడు. పాఠ్యగ్రంథాన్ని, పాత ప్రతుల ధర తగ్గుతుందని, ప్రకాశకుడు ముద్రించకుండా ఆపితే మన కళాశాలలో ఎవరైనా సహిస్తారా?

పోనీ, సంస్థ ఆ మాటపై నిష్ఠగానైనా ఉన్నదా అంటే, 2022లో ముప్పదవ వార్షికోత్సవమని చెప్పి ఆ తొలినాటి కార్డులనే, వెనుకవైపు మార్చి, నాలుగు పొట్లాలు 999 డాలర్లకు అమ్మజూపింది. మొత్తం 60 కార్డులు. ఏవి వస్తాయో తెలియదు. అధికారిక పోటీలలో చెల్లవు. అచ్చువేయడానికి అడ్డు లేదన్నమాట, చవకగా అచ్చువేయడానికే అడ్డు! మాకు మిక్కిలి బాధ కలిగించినది ఇదే.

మొఘలుల కాలంలో గంజీఫా ఆడేవారు: ఎనిమిది వర్ణాలు, 96 ముక్కలు, చేతితో చిత్రించినవి. అవి నేడు ప్రదర్శనశాలల అద్దాల వెనుక ఉన్నాయి. ఆడేవారు తగ్గిపోయిన పిదప అటువంటి స్థితి రావడం సహజం. ఆడగోరేవారు వేలసంఖ్యలో బ్రతికి ఉండగా ముక్కలను అద్దం వెనుక పెట్టడం మాకు వింతగా తోస్తున్నది.

అధికారిక పోటీలు కాని చోట సొంతంగా వ్రాసుకొన్న నకలు ముక్కలతో ఆడుకోవడాన్ని అడ్డుకొనబోమని సంస్థయే 2016లో తెలిపింది. మామూలు కార్డు మీద కాగితం అతికించి, దానిపై 'బ్లాక్ లోటస్' అని కలంతో వ్రాసి ఆడుకొనే కుర్రవానిని మేము తప్పుపట్టలేము. వాని ఎదుట కూర్చుని ఒక ఆట ఆడడానికి మాకు అభ్యంతరమూ లేదు.