రాధకేం దొరికింది?

ఒకసారి కర్నూలు జిల్లాలో ఒక ఊరి తిరునాళ్లలో తెల్లవారేదాకా కూర్చుని ‘చింతామణి’ చూశాను. సుబ్బిశెట్టి వేదికెక్కినప్పుడల్లా ఈలలు, వెనక వరసల్లో మందు వాసన. చివరికి బిల్వమంగళుడికి జ్ఞానోదయమైంది. జనం చేతులు జోడించారు. నా పక్కన చాప మీద కూర్చున్న పెద్దామె మాత్రం, “ఆయప్పకు దేవుడు దొరికె. పెండ్లానికేం దొరికె?” అనింది. ఆ ప్రశ్న నన్ను ఇప్పటికీ వదల్లేదు.

కాళ్లకూరి నారాయణరావు రాసిన ఈ నాటకానికి మూలం ‘శ్రీకృష్ణకర్ణామృతం’ రాసిన లీలాశుకుడి కథ. వ్యసనంలో ఇల్లూ ఆస్తీ పోగొట్టుకున్నవాడు, వరదలో ఏరు దాటి వేశ్య ఇంటికి చేరి, ఆమె మందలింపుతో విరాగి అవుతాడు, కవి అవుతాడు. తన కావ్యాన్ని ఆమె పేరుతోనే మొదలుపెట్టాడని సంప్రదాయం చెబుతుంది. భార్య రాధకు ఆపాటి చోటు కూడా లేదు.

కట్నం మీద ‘వరవిక్రయం’, తాగుడు మీద ‘మధుసేవ’ రాసిన కాళ్లకూరి వారి సంస్కరణాభిలాషను శంకించనక్కరలేదు. అయితే ఆ సంస్కరణలో మేలుకోవలసింది మగవాడు. అంతవరకూ ఓర్చుకోవలసింది ఆడది. 1953 నాటి ‘దేవదాసు’ సినిమాకు ఆ మేలుకోవడం కూడా అవసరం లేకపోయింది. తాగి చావడమే ప్రేమకు రుజువైంది. అప్పటినుంచీ కవి తాగితే వేదన అంటున్నాం, కూలివాడు తాగితే దురలవాటు అంటున్నాం. రెండిళ్లలోనూ తాగుడి ఖరీదు చెల్లించేది మాత్రం భార్యే.

రాయలసీమకు నాటకం కొత్త కాదు. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో పుట్టిన సురభి సమాజం స్త్రీ పాత్రలను స్త్రీల చేతనే వేయించింది. స్త్రీ వేదికెక్కింది కానీ, ఆమె ప్రశ్న వేదికెక్కలేదు. అది వీధికెక్కింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటతో ఊపందుకున్న సారా వ్యతిరేకోద్యమం చిత్తూరు, కడప, కర్నూలు జిల్లాలకూ పాకింది. ఆ స్త్రీలు భర్తల జ్ఞానోదయం కోసం ఎదురుచూడలేదు. సారా అంగళ్లు మూయించారు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. ఆ సంపూర్ణ నిషేధం 1997లో సడలిపోయింది.

2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ‘చింతామణి’ ప్రదర్శనలను నిషేధించింది. ఒక కులం గౌరవం గురించీ, కళాకారుల జీవనోపాధి గురించీ వాదనలు జరిగాయి. రెండూ పట్టించుకోదగ్గవే. రాధ బతుకు గురించి గానీ, చింతామణిని ఆ వృత్తిలోకి దింపినదెవరన్న దాని గురించి గానీ నాకు ఒక్క మాటా వినపడలేదు.

మనం కోరవలసింది నిషేధం కాదు. ఇంటి ఖర్చులకివ్వకపోవడం, స్త్రీధనం లాక్కోవడం ఆర్థిక హింస అని 2005 గృహహింస చట్టం గుర్తించింది. నేటి రాధ రక్షణాధికారి దగ్గరకు వెళ్లి ఫిర్యాదు చేయవచ్చు. ఆ సంగతి ఆమెకు తెలియాలి. కర్నూలు, కడప జిల్లాల్లోని మన మిత్రులు తమ ఊళ్లలో ఏ పద్యనాటకం ఆడినా, తెర పడ్డాక చాపల మీది స్త్రీలను ఓ అరగంట కూర్చోబెట్టి మాట్లాడించండి. పెద్దామె అడిగిన ప్రశ్నతోనే మొదలుపెట్టండి.