గులకఱాళ్ల క్రింది గ్రుడ్లు

పట్టిన చేపను మరల నీట విడుచుట యేమి వేడుకయని మా సోదరీమణులు నవ్వుదురేమో. అమెరికాలోని ఆరిజోనా రాష్ట్రమున, కొలరాడో నదియందు లీస్ ఫెర్రీ యను చోటికి వసంతారంభమున జనులు ఈ వేడుకకే వత్తురు. వారి గాలమున కెఱ యుండదు. చిన్న కొక్కెమునకు దారమును, ఈకపోగులను జుట్టి బియ్యపుగింజంత పురుగును గల్పింతురు. కుట్టుపనియందు చేయి తిరిగినవారు దానిని మెచ్చకపోరు.

ఎగువను 710 అడుగుల యెత్తున గ్లెన్ కాన్యన్ ఆనకట్ట గలదు. 1963లో దాని తలుపులు మూయకమునుపు నది వేసవియందు వెచ్చగా, బురదగా పాఱెడిది. పిమ్మట జలాశయపు లోతులనుండి వచ్చు నీరు తేటయు, చల్లనిదియు నాయెను. అట్టి నీటిని గోరు రెయిన్‌బో ట్రౌటు చేపను 1964లో దెచ్చి విడిచిరి.

శీతకాలాంతమున నిది గ్రుడ్లు పెట్టును. ఆడుచేప ప్రక్కకు వాలి, తోకతో గులకఱాళ్లను జిమ్మి గుంటచేసి, గ్రుడ్లు పెట్టి, మరల ఱాళ్లతో గప్పును. నాచు తొలగిన యాచోటు కడిగిన యరుగువలె తెల్లగా గానవచ్చును. నీట దిగినవా డచ్చట నడుగిడెనా, గ్రుడ్లు నలుగవచ్చును. తెలిసినవారు చుట్టుదిరిగి పోదురు. గూటిపైనున్న చేపజోలికిని బోరు.

అంతకు మించిన యపాయ మానకట్టవలననే కలదు. విద్యుచ్ఛక్తికై నీటిని హెచ్చించి తగ్గించునపుడు ఒడ్డుచేరువ గూళ్లు ఎండకు బయల్పడును. 2003 మొదలు 2005 వఱకు జనవరినుండి మార్చివఱకు దీనిని బుద్ధిపూర్వకముగానే చేసిరి. ఏలయన, దిగువనుండు హంప్‌బాక్ చబ్ అను గూనిచేప కొలరాడో నదికిని, దాని యుపనదులకును దక్క మఱెచ్చటను లేదు. ట్రౌటు దాని పిల్లలను దినుననియు, ఆహారమునకు బోటీ వచ్చుననియు వారి భయము.

పెంచుకొన్న బిడ్డయు, కన్నబిడ్డయు నొక కంచముకొఱకు పెనగులాడిన తల్లి యేమి చేయును? మామట్టుకు పుట్టినింటి చేపకే మొదటి హక్కనుకొందుము. అయినను ట్రౌటు తనంత వచ్చినది గాదు. తెచ్చినవారే దాని గ్రుడ్ల నెండబెట్టుట చూడ మనసొప్పదు.

2022లో అనావృష్టిచేతను, నీటివాడుకచేతను జలాశయము మిక్కిలి తగ్గి, పైభాగపు వెచ్చని నీరే వేసవిని వెడలెను. అది ట్రౌటునకు గడ్డుకాలమైనది. ఆ నీటితో స్మాల్‌మౌత్ బాస్ అను మఱియొక పరదేశి చేప క్రిందికి దిగినది. గూనిచేపకు ట్రౌటుకంటె నిది క్రూరశత్రువు. దీనిని పెరుగనీయకుండుటకై 2024 జూలైనుండి నవంబరు వఱకు, లోతునున్న గొట్టములనుండి చల్లని నీటిని దీసి కలిపి విడిచిరి. ఆ నీరు విద్యుద్యంత్రములగుండ బోవదు గనుక, అంతమేర విద్యుచ్ఛక్తిని వదలుకొనవలసివచ్చినది.