ఫీల్డ్‌వర్క్ రికార్డులోని సంతకము

చరిత్ర చదువు విద్యార్థి అశోకుని కాలమును నూరేండ్లు వెనుకకు నెట్టినను అశోకునికి వచ్చు నష్టము లేదు. గణితము చదువువాడు లెక్క తప్పినచో ఎర్రసిరా గీత యొకటి పడును, అంతటితో సరి. విశ్వవిద్యాలయములో సోషల్ వర్క్ చదువు విద్యార్థి సంగతి అట్టిది కాదు. తరగతిలో చేరి ఎంతో కాలము గడువక మునుపే అతనిని బస్తీలోనికో, ఆసుపత్రి వార్డులోనికో, బాలసదనములోనికో పంపుదురు. అచ్చట అతని నోట జారిన మాట, తొందరపడి ఇచ్చిన సలహా, ఇచ్చి మరచిన వాగ్దానము పరీక్ష కాగితముమీద గాక ఎవరిదో యొకరి కాపురములో మిగిలిపోవును. కావుననే ఈ విద్యార్థుల హక్కులను గూర్చియు బాధ్యతలను గూర్చియు మాటాడునపుడు హాజరు, ఫీజు, హాస్టలు భోజనము అను త్రయముతో ముగించుటకు వీలులేదు. ఇచ్చట గురువును శిష్యుడును గాక మూడవ మనిషి యొకడున్నాడు. ఆ మనిషి ఏ దరఖాస్తు ఫారముమీదను సంతకము చేసి మన చదువులో చేరినవాడు కాడు.

ఈ విద్యను వీథులలో నేర్పు పద్ధతి మనకు వెలుపలినుండి వచ్చినదే. 1898లో న్యూయార్కు నగరమున దానధర్మములను క్రమబద్ధము చేయుటకై వెలసిన సంఘమొకటి వేసవిలో కార్యకర్తలకు నడపిన తరగతి దానికి బీజము. బొంబాయిలో నాగపాడా ప్రాంతమున శ్రామికుల నడుమ సేవాగృహము నడపుచుండిన అమెరికను మిషనరీ క్లిఫర్డ్ మాన్షార్ట్ తొలి సంచాలకుడుగా, 1936లో సర్ దొరాబ్జీ టాటా పేర స్థాపితమైన విద్యాలయము ఆ బీజమును మన నేలలో నాటినది. నేటి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ అదియే. నేడు విశాఖపట్నమున ఆంధ్ర విశ్వవిద్యాలయములో చేరినను, హైదరాబాదున రోడా మిస్త్రీ కళాశాలలో చేరినను, ఎం.ఎస్.డబ్ల్యూ. అనగా రెండేండ్ల చదువు, అందులో పాఠములతోపాటు వారమునకు ఇంచుమించు రెండు దినముల ఫీల్డ్‌వర్క్. విద్యార్థిని పంపిన సంస్థను ఏజెన్సీ యందురు. అచ్చట కనిపెట్టియుండువారు ఏజెన్సీ సూపర్‌వైజరు, కళాశాలలో కనిపెట్టియుండువారు ఫ్యాకల్టీ సూపర్‌వైజరు. వారమునకొక మారు ఆ అధ్యాపకుడు విద్యార్థిని ఎదుట కూర్చుండబెట్టుకొని జరిగినదంతయు ఆమూలాగ్రముగా విని, తప్పొప్పులు విడమరచి చెప్పవలెను. దానికి ఇండివిడ్యువల్ కాన్ఫరెన్సు అని పేరు. విద్యార్థుల నోట అది ‘ఐ.సి.’ అయినది.

ఆ ఐ.సి.యే ఈ విద్యార్థుల ప్రథమహక్కు అని నా మతము. తక్కినవన్నియు దాని తరువాతివే. అధికారులు అచ్చువేసి పంచు నియమావళులలో విద్యార్థి బాధ్యతలు పుటలకొలది యుండును: వేళకు పోవలెను, గుర్తింపుకార్డు ధరింపవలెను, మర్యాదగా దుస్తులు వేసికొనవలెను, రికార్డు సోమవారమునకెల్ల సమర్పింపవలెను. ఆ సమర్పించిన రికార్డును చదువుట ఎవరి బాధ్యతయో వెదకి చూచినచో ఆ వాక్యము దొరకుట కష్టము.

ఆ రికార్డును ఒకమారు తెరచి చూడవలసినదిగా పాఠకులను కోరుచున్నాను. గళ్లు గీసిన పుటలు. పైన తేది, వేళ, ఏజెన్సీ పేరు. కింద ‘ఉద్దేశ్యములు’, ‘చేసిన పనులు’, ‘పరిశీలనలు’, ‘నేర్చుకొన్నది’. అడుగున సంతకమునకు చోటు. మొదటి రెండు వారములు విద్యార్థి మనసుపెట్టి వ్రాయును. ఒక ఇంటి ముసలమ్మ తనను చూచి తలుపు వేసికొన్నదని, ఎందుకో తనకు తెలియలేదని, మరునాడు మరల పోవలెనో వలదో చెప్పుడని అడుగును. దానికి జవాబు రాదు. మూడవ వారమునుండి వాక్యములు పొట్టివగును; అయిదవ వారమునకు ‘అవగాహన కల్పించితిమి’ అను మాట ప్రవేశించును; ఆ తరువాత ఆ మాటయే పుస్తకమంతయు ఆక్రమించును. సెమిస్టరు చివర, వైవా రెండు దినములున్నదనగా, పుస్తకములన్నియు గుట్టగా అధ్యాపకుని బల్లమీదికి చేరును. జులై మొదలుకొని నవంబరు వరకు గల సంతకములన్నియు ఒకే సిరాతో, ఒకే వాలుతో, ఒకే సాయంకాలమున పడును. ఆ అధ్యాపకునే నిందించుట న్యాయము కాదు. ఖాళీలు నింపక, అతిథి అధ్యాపకులతోను ఒప్పందపు ఉద్యోగులతోను విభాగములను నెట్టుకొని వచ్చుచున్న విశ్వవిద్యాలయములలో ఒక్కొక్కరి నెత్తిన ఎందరెందరు విద్యార్థులు పడుచున్నారో ఎరిగినవారు ఆయనపై కోపపడజాలరు. అయినను, ఆ తలుపు వేసికొన్న ముసలమ్మ మాట ఎవ్వరును వినలేదన్నది మిగిలియే యున్నది.

దయగల హృదయముండిన చాలదా, ఈ పర్యవేక్షణమంతయు ఎందులకు అని పెద్దలు కొందరు అడుగుదురు. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభను స్థాపించినపుడు దుర్గాబాయమ్మగారి చేత ఏ ఎం.ఎస్.డబ్ల్యూ. పట్టా ఉండెనని ఎత్తిపొడుతురు. లేదు, నిజమే. కాని ఆమె తాను ఎరిగిన స్త్రీల నడుమ, తాను విడిచిపోనుద్దేశింపని పనిలో దిగినది; తప్పు చేసినచో మరునాడు ఆ ముఖములనే చూడవలసినది. మన విద్యార్థి సెమిస్టరు కాగానే ఏజెన్సీ మారును. వచ్చిపోవువానికి వెనుక ఒక కన్ను ఉండుట అవసరము.

పర్యవేక్షణము లోపించినచోట విద్యార్థి కూలి లేని కూలివాడగుట మరియొక అనర్థము. స్వచ్ఛందసంస్థలు కొన్ని, ఆసుపత్రులు కొన్ని, వచ్చిన పిల్లలకు రిజిస్టర్లు కట్టబెట్టును: పేర్లు కంప్యూటరులో ఎక్కింపుడు, దాతలకు పంపు నివేదికకు అంకెలు కూడుడు, ఆధారు జిరాక్సులు వరుసపెట్టుడు. ఒకటి రెండు దినములు ఇట్టి పని చేయుటలో చిన్నతనమేమియు లేదు, కార్యాలయము ఎట్లు నడచునో తెలియును. సెమిస్టరంతయు అదియే యైనచో అది చదువు కాదు. ఏజెన్సీ మార్పుమని అడుగు హక్కు విద్యార్థికి ఉండవలెను, అడిగినందుకు ఇంటర్నలు మార్కులలో పగ తీర్చుకొనని పూచీ అంతకన్న ముఖ్యముగా ఉండవలెను.

వ్రాతమూలమైన హక్కులు విద్యార్థులు ఎరిగినవానికన్న ఎక్కువగానే యున్నవి. చేరునపుడు అసలు సర్టిఫికెట్లు తీసికొని బీరువాలో బంధించు అధికారము కళాశాలకు లేదని యు.జి.సి. 2018లోనే ప్రకటించినది. మూల్యాంకనము చేసిన తన జవాబుపత్రమును చూచు హక్కు సమాచార హక్కు చట్టము క్రింద విద్యార్థికి కలదని సుప్రీంకోర్టు 2011లో తీర్పు చెప్పినది. పనిచోట లైంగిక వేధింపులను గూర్చిన 2013 నాటి చట్టము జీతమెత్తు స్త్రీకే పరిమితము కాదు. ఫీల్డ్‌వర్క్‌కు పోయిన విద్యార్థిని ఆ ఏజెన్సీలో అవమానము పొందినచో అచ్చటి కమిటీకే ఫిర్యాదు చేయవచ్చును, ‘నీవు మా ఉద్యోగివి కావు’ అను మాట చెల్లదు. 2023 నాటి యు.జి.సి. నిబంధనల ప్రకారము ప్రతి సంస్థలోను విద్యార్థుల ఫిర్యాదుల కమిటీ, పైన అప్పీలు వినుటకు ఆంబుడ్స్‌పర్సన్ ఉండవలెను. కమిటీ 15 పనిదినములలో తేల్చవలెను. అందులో విద్యార్థుల పక్షమున కూర్చుండువానిని విద్యార్థులు ఎన్నుకొనరు, అధికారులు నామినేటు చేయుదురు. ఈ యొక్క మెలికతో ఆ కమిటీ సగము ప్రాణము పోయినదని నాకు తోచును.

ఇక బాధ్యతల మాట. ఇచ్చట విద్యార్థుల పక్షము వహించుట నాకు అంత సులభము కాదు. కేస్‌స్టడీలలో పేరు మార్చుట అందరికి తెలిసినదే. ‘లక్ష్మి’ని ‘సరోజ’ చేయుదురు. కాని ఊరు అట్లే, వీథి అట్లే, కులము అట్లే, భర్త నడపు ఆటో అట్లే, పెద్దకూతురు అంగన్‌వాడీలో ఆయా అన్న మాటయు అట్లే! మన గ్రామములలో ఇన్ని ఆనవాళ్లు చెప్పిన తరువాత పేరు చెప్పినను చెప్పకున్నను ఒకటే. ఆ పుస్తకము వైవాకు పోవును, పై తరగతివారినుండి కింది తరగతివారి చేతికి ‘మోడల్’గా దిగును, జిరాక్సు దుకాణములో నలుగురు తిరుగవేయుదురు. ఆ సరోజ హెచ్.ఐ.వి. సోకిన స్త్రీ యైనచో ఆమె అనుమతి లేక ఆ సంగతి వెల్లడించుట 2017 నాటి చట్టము నిషేధించిన పని. బాలసదనమునందలి పిల్లవాని గుర్తింపు బయటపెట్టుట 2015 నాటి బాలన్యాయ చట్టము ప్రకారము నేరము. వృద్ధాశ్రమములో అరటిపండు చేతికిచ్చి, ఇచ్చినవాడు కెమెరా వంకను పుచ్చుకొన్నవాడు నేల వంకను చూచుచుండగా తీసిన ఫొటోలు వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుటను గూర్చి ఏ చట్టము ఏమి చెప్పునో నేను వెదకలేదు. వెదకవలసిన అగత్యము కనబడలేదు.

అన్నిటికన్న కఠినమైన ఘట్టము వేరొకటి యున్నది. పదునొకండేండ్ల పిల్ల, నాలుగు వారములు ఆటపాటలతో దగ్గరైన తరువాత, ‘అక్కా, నీకొకటి చెప్తా, ఎవరికీ చెప్పకు’ అనును. ఇరువదిరెండేండ్ల విద్యార్థిని ప్రేమతో ‘చెప్పను లే’ అనును. ఆ పిల్ల చెప్పినది మేనమామ చేసిన అఘాయిత్యము. 2012 నాటి పోక్సో చట్టము 19వ సెక్షను ప్రకారము అట్టిది తెలిసిన ఎవరైనను పోలీసులకు తెలుపవలసినదే, తెలుపకుండుట శిక్షార్హము. విద్యార్థి యన్న మినహాయింపు అందు లేదు. ఇపుడు ఆ అమ్మాయి ముందున్నవి రెండు దారులు: చట్టమును తప్పుటయో, పిల్లకు ఇచ్చిన మాటను తప్పుటయో. ఈ సంకటమునకు కారణము ఆమె దుష్టత్వము కాదు; ‘నీకు హాని జరిగినదని తెలిసినచో నేను ఒకరిద్దరికి చెప్పవలసివచ్చును తల్లీ’ అని మొదటి దినముననే చెప్పవలెనని ఆమెకు ఎవ్వరును నేర్పలేదు. రహస్యము కాపాడుట బాధ్యత, ఆ రహస్యమునకు హద్దు ముందుగా చెప్పుట అంతకు తక్కువకాని బాధ్యత, రెండును ఐ.సి.లో కూర్చుండి నేర్చుకొనవలసినవే గాని పాఠ్యగ్రంథము కంఠస్థము చేసినంతమాత్రమున పట్టుబడునవి కావు.

విద్యార్థి స్వంత విశ్వాసముల ప్రశ్న కూడ ఇట్టిదే. కులము కాదని పెండ్లాడి, పుట్టింటివారికి వెరచి సఖి కేంద్రమునకు పరుగెత్తివచ్చిన అమ్మాయి ఎదుట, అట్టి పెండ్లి తన ఇంట జరిగినచో తానును సహింపని విద్యార్థి కూర్చుండును. అతని అభిప్రాయము అతనిది. దానిని మనసులో ఉంచుకొనుట అతని హక్కు. ఆ సంగతి సూపర్‌వైజరుతో చెప్పి, ఈ కేసు నాకు వలదనుటయు న్యాయమే. కాని ‘అమ్మానాన్నలు మంచికే చెప్పుదురు, ఇంటికి పొమ్ము’ అని ఆ పిల్లను వెనుకకు పంపు హక్కు మాత్రము అతనికి లేదు. యుక్తవయస్కులు తమకు నచ్చినవారిని వరించుటలో కుటుంబమునకు గాని కులపెద్దలకు గాని జోక్యము లేదని సుప్రీంకోర్టు 2018లో స్పష్టముగా చెప్పినది. మన రెండు రాష్ట్రములలోను పరువు పేర జరిగిన హత్యలు పత్రికలు చదువువారికి కొత్త కావు.

దీనికి మారుముఖము రూరల్ క్యాంపులో కనబడును. పాఠశాల భవనములో దిగిన విద్యార్థులను ఊరివారు ఆదరముగా పలుకరించి, మంచినీళ్లిచ్చి, మూడవ మాటగా ‘మీరేమిట్లండీ?’ అని అడుగుదురు. ఆ ప్రశ్న కొందరు విద్యార్థులను తాకనైన తాకదు. మాలమాదిగల బిడ్డల గొంతున అది ముల్లువలె దిగును. చెప్పవలెనా, దాటవేయవలెనా, చెప్పిన పిమ్మట అరుగు దిగి కూర్చుండుమన్నచో ఏమి చేయవలెను? క్యాంపునకు బస్సు, బియ్యము, బ్యానరు సిద్ధము చేయు విభాగము ఈ ప్రశ్నకు జవాబు సిద్ధము చేయదు. సేవ్యుల గౌరవమును కాపాడుమని విద్యార్థికి బోధించు విద్యాలయము విద్యార్థి గౌరవమును ఊరి అరుగుమీద విడిచి రారాదు.

ఫీల్డ్‌వర్క్‌లో తప్పినవారు ఎందుచేత ఇంత అరుదు అన్నది కూడ అడుగవలసియున్నది. వైద్యునికిని న్యాయవాదికిని రిజిస్టరు చేసి అదుపుచేయు కౌన్సిళ్లు కలవు. సోషల్ వర్కరులందరికి కలిపి అట్టి కౌన్సిలు మన దేశములో నేటికిని లేదు. కావున ఆ పట్టాయే అనుమతిపత్రము, ఆ అధ్యాపకుని సంతకమే కడపటి ద్వారము. పనికి తగని విద్యార్థిని ‘పాపము’ అని గట్టెక్కించుట దయ కాదు. ఆ దయకు మూల్యము చెల్లించువాడు మొదట చెప్పిన ఆ మూడవ మనిషి. అయితే తప్పించుటకును ఒక న్యాయమున్నది: ఏ లోపము, ఎప్పుడు కనబడినది, ఎప్పుడు చెప్పితిమి, దిద్దుకొనుటకు ఎంత గడువు ఇచ్చితిమి అని వ్రాసియుంచనిది, చివరి వారమున ఒక అంకె వేసి విద్యార్థిని ఆపుట చెల్లదు. తప్పించు అధికారము ఎవరికి వలయునో వారు వారము వారము చూడవలెను.

బోధనారుసుములకై, హాస్టలు గదులకై విద్యార్థిసంఘములు ధర్నాలు చేయుచున్నవి, చేయవలసినదే. ఐ.సి. జరుగలేదని ధర్నా చేసినవారిని నేను ఎరుగను. మార్కులు దిద్దుమను విన్నపములను ఆంబుడ్స్‌పర్సన్ సామాన్యముగా స్వీకరింపరు, నిబంధన అట్లున్నది. కాని టైంటేబులులో ఐ.సి.కి గంటయు గదియు చూపలేదని, ఇచ్చెదమని ప్రాస్పెక్టసులో అచ్చువేసిన పర్యవేక్షణమును ఇయ్యలేదని వ్రాయు ఫిర్యాదులో మార్కుల ప్రసక్తియే యుండదు. అట్టి కాగితమొకటి, ఆగిన తేదీలతోను, సంతకము లేని పుటల నకళ్లతోను, సెమిస్టరు మధ్యలోనే కమిటీ బల్లమీదికి చేరినచో 15 పనిదినములలో వారు ఏమి జవాబిత్తురో చూడవలెనని నాకు మిక్కిలి కుతూహలముగా నున్నది.