శుభలేఖలో లేని పేరు

మొన్న సాయంత్రం ఎల్బీనగర్‌లో ఒక పెద్దాయన ఇంటికి వెళ్ళాను. కేంద్ర ప్రభుత్వంలో పనిచేసి రిటైరయినవారు. వరండాలో పూసలు గుచ్చుకుంటున్న నలభైయేళ్ళ కొడుకును చూపి, "మా తరువాత వీడి గతేమిటండీ?" అన్నారు.

కుటుంబ పింఛను ఒకసారి ఒకరికే. ముందు భార్యకు, ఆమె తరువాత బిడ్డకు. మామూలుగా చివరి జీతంలో నూటికి 30 వంతులు. ఇతర కొడుకులకు పాతికేళ్ళతో ఆగిపోతుంది. సంపాదించుకోలేని వికలాంగునికి జీవితాంతం వస్తుంది. తలిదండ్రులిద్దరూ ఉద్యోగులైతే రెండు పింఛన్లూ రావచ్చు. కాని మొత్తానికి హద్దు వున్నది. నెలకు 45,000 రూపాయలున్న ఆ హద్దును 2021లో 1,25,000 చేశారు.

హక్కు సరే, అడిగేదెవరు? ఆ బిడ్డ కాగితాలు పట్టుకు తిరగగలడా? అందుకే తలిదండ్రులు బ్రతికుండగానే అర్జీ పెట్టి, పింఛను ఉత్తర్వులో అతని పేరు చేర్పించుకోవచ్చు.

"ఈ మాట ఎవరూ చెప్పలేదే!" అన్నారాయన.

"రేపు దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సెక్కి మీ పాత ఆఫీసుకు వెళదాం" అన్నాను.

లోపలినుంచి ఆయన భార్య అన్నది: "పెద్దమ్మాయి శుభలేఖలో వీడి పేరు వేయించలేదు. ఈ కాగితంలోనైనా వేయించండి."