క్వార్టర్ వదిలాక

ఈ సంచికను సొంతింటి నిర్మాణానికి కేటాయించాం. జంషెడ్‌పూర్ తెలుగువారికి ఇది ఉద్యోగ విరమణతో ముడిపడిన విషయం. ఉక్కు కర్మాగారంలోనూ, 1945లో ఏర్పడిన టెల్కోలోనూ పనికోసం ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన కుటుంబాల్లో ఎందరో కంపెనీ క్వార్టర్లలోనే పిల్లల్ని పెంచారు. రిటైరయ్యాక అవి వదలాలి. అప్పుడు చేతిలో ఉండేది పీఎఫ్ డబ్బు, కంటికి ఆనేది గోవింద్‌పూర్ లాంటి శివారు.

ముందు భూమి సంగతి. 1908 నాటి ఛోటానాగ్‌పూర్ కౌలుదారీ చట్టం ఆదివాసుల భూమి బయటివారి చేతికి పోకుండా కాపాడుతుంది. అది ఉండి తీరవలసిన చట్టం. భూమి హక్కుల రికార్డైన ఖతియాన్‌లో ఎవరి పేరుందో చూడకుండా బయానా ఇవ్వకండి. చవకగా వస్తోందంటే మరీ జాగ్రత్త.

ఇక మేస్త్రీ. అడ్వాన్సు కొద్దిగానే ఇచ్చి, పునాది, గోడలు, శ్లాబు, ప్లాస్టరింగు ఒక్కొక్కటీ పూర్తయ్యాక కొలిచి చెల్లించండి. సెంట్రింగు సామాను ఎవరు తేవాలో కాగితం మీద రాసుకోండి. తగువులు ఎక్కువగా అక్కడే మొదలవుతాయి. పక్కనే జోజోబెరాలో ఉక్కు కర్మాగారపు స్లాగ్ వాడే సిమెంటు ఫ్యాక్టరీ ఉంది కనుక ఇక్కడ స్లాగ్ సిమెంటు వాడకం మామూలే. మంచి సిమెంటే, కానీ మొదట్లో నెమ్మదిగా బలం పుంజుకుంటుంది. శ్లాబు మీద కనీసం 10 రోజులు, వీలైతే 14 రోజులు నీళ్లు నిలపాలి. మరో పని ఒప్పుకున్న మేస్త్రీ ముందే సెంట్రింగు విప్పుతానంటే ససేమిరా అనండి. ఆ అదనపు రోజుల సెంట్రింగు అద్దె, నీళ్లు పట్టే మనిషి కూలి మొదటి అంచనాలోనే వేసుకోండి.