బలం పేరిట బురిడీ

పురుషుల బెంగను సొమ్ము చేసుకునే వ్యాపారం కొత్తదేమీ కాదు. గోడల మీది 'రహస్య రోగాల' ప్రకటనల స్థానంలో నేడు శాస్త్ర పరిభాష వచ్చి చేరింది. టెస్టోస్టెరాన్‌ను పెంచుతాయంటూ 'పెప్టైడ్' మాత్రలు, పొడులు అంగట్లోనూ, సెల్‌ఫోన్ తెరలపైనా ఊరిస్తున్నాయి. సూరత్ వంటి కార్మిక నగరాలలో ఈ ప్రచారం మరింత ప్రమాదకరం. తెలంగాణ నుంచి వలస వెళ్లిన తెలుగు నేత కుటుంబాలెన్నో అక్కడి మరమగ్గాలనే నమ్ముకుని బతుకుతున్నాయి. పన్నెండు గంటల షిఫ్టులు అక్కడ మామూలే. అలసిన దేహానికి 'బలం' అన్న మాట ఇట్టే ఎక్కుతుంది.

ఇంతకూ శాస్త్రం ఏమంటోంది? పెప్టైడ్‌లంటే అమైనో ఆమ్లాల గొలుసులు. నోటి ద్వారా తీసుకుంటే మాంసకృత్తులను అరిగించినట్లే జీర్ణరసాలు వీటిలో అధిక భాగాన్ని ముక్కలు చేస్తాయి. ఇన్సులిన్‌ను 1922 నుంచి ప్రధానంగా సూదిమందుగానే ఇవ్వవలసి రావడానికి కారణమిదే. టెస్టోస్టెరాన్ ఉత్పత్తికి మెదడు నుంచి తొలి సంకేతం పంపే హార్మోను కూడా పది అమైనో ఆమ్లాల పెప్టైడే. అయితే దానిని పోలిన మందులను ఎడతెగకుండా ఇస్తే టెస్టోస్టెరాన్ పెరగకపోగా పడిపోతుంది. ప్రోస్టేట్ క్యాన్సర్ చికిత్సలో వైద్యులు వాడుకుంటున్నది ఈ గుణాన్నే.

టెస్టోస్టెరాన్‌ను పెంచుతాయని చెప్పుకునే 50 ఉత్పత్తులను అమెరికా పరిశోధకులు పరిశీలించి 2020లో ఫలితాలు ప్రకటించారు. వాటిలోని పదార్థాలలో సుమారు నాలుగో వంతుకే ఆధారాలు లభించాయి. పదింట ఒక వంతు పదార్థాలు హార్మోనును తగ్గించే సూచనలే కనిపించడం గమనార్హం. మరోవంక, వారం రోజులు రాత్రికి ఐదు గంటలే నిద్రించిన ఆరోగ్యవంతులైన యువకులలో టెస్టోస్టెరాన్ 10 నుంచి 15 శాతం తగ్గినట్లు 2011లో షికాగో పరిశోధకులు కనుగొన్నారు. మగ్గం కార్మికునికి కావలసింది డబ్బాలోని పొడి కాదు, కంటినిండా నిద్ర అన్నమాట!

లైంగిక సామర్థ్యాన్ని పెంచుతామనే ఔషధ ప్రకటనలను 1954 నాటి చట్టం నిషేధించింది. 'పోషకాహారం' ముసుగు వేసుకున్న సరుకుపై దాని పట్టు సడలుతోంది. ఆహార లైసెన్సు సంఖ్య ఉన్నంత మాత్రాన మందు పనిచేస్తుందని అర్థం కాదు. నిజంగా లోపముందో లేదో ఉదయం వేళ చేసే రక్తపరీక్షలే తేల్చాలి. చికిత్స వైద్యుని చేతిలో ఉండాలి. ఆధారం చూపలేని ప్రకటనలను అడ్డుకోవడంతోపాటు కార్మికుల పని గంటలపై కూడా ప్రభుత్వాలు దృష్టి సారించాలి. రోగం ఒకచోట ఉంటే మందు మరోచోట అమ్మడాన్ని చూస్తూ ఊరుకోవడం పాలన అనిపించుకోదు.